ఆయన వస్తున్నారు

టీచర్ గారు పోయారన్న సంగతి నాకు చెప్పింది బస్సు కండక్టరు. నందిగామలో ఎక్కి, అలవాటు ప్రకారం కిటికీ పక్క సీటు వదిలేసి దాని వెనక కూర్చోబోతుంటే, "ముందుకే కూర్చోండి సార్. ఇంక ఆ సీటు అడిగేవాళ్ళు లేరు" అన్నాడు.

అది ఆవిడ సీటని ఎక్కడా రాసి లేదు. కానీ అందులో ఎవరైనా కూర్చుని ఉంటే ఆవిడ వాళ్ళ పక్కనే నిలబడి, గొడుగు నేలకి ఆనించి, "కూర్చో బాబూ, కూర్చో. నాకేం, ఉన్నవి రెండు మోకాళ్ళేగా" అనేవారు. మాట పూర్తయ్యేలోపు సీటు ఖాళీ అయ్యేది.

"ఎప్పుడు?" అని అడిగాను.

"మొన్న ఆదివారం. చర్చికెళ్ళొచ్చి కుర్చీలో కూర్చున్నావిడ కూర్చున్నట్టేనంట. ఇంక బండి లేటయితే మమ్మల్ని నిలబెట్టి అడిగేవాళ్ళెవరు సార్? హాయిగా తిప్పుకోవచ్చు మేం." హాయిగా అన్నాడే గానీ, చిల్లకల్లు స్టాపులో వాచీ చూసుకుని, లేటయిందని డ్రైవర్ని తొందరపెట్టాడు.

ఆవిడ జీవిత చరిత్ర నాకు తెలియదు. ఎక్కడ పుట్టారో, ఎంతమంది తోబుట్టువులో నేనెప్పుడూ అడగలేదు. ఇంటికి కూడా వెళ్ళలేదు. నాకు తెలిసినదంతా ఆ బస్సులోనూ, జగ్గయ్యపేట సెంటర్లో మేము బాగుచేసిన పాత హోటల్లోనూ చూసిందే.

నేను సివిల్ ఇంజినీరుని. పాత కట్టడాలను బాగుచేసే చిన్న సంస్థలో పనిచేస్తాను. ఆ హోటలు రెండంతస్తులది. కింద టిఫిన్ హాలు, పైన లాడ్జి గదులు, టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో పోసిన కప్పు. చాలాకాలం మూతపడి ఉంది. కట్టించినాయన మనవడు దాన్ని పడగొట్టకుండా పాతరూపంలోనే మళ్ళీ తెరవాలనుకున్నాడు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న ఊళ్ళో సిమెంటు వద్దు, సున్నం కావాలని తిరిగినవాణ్ణి నేనే. దుకాణాలవాళ్ళు నన్ను చూసి నవ్వేవారు.

పని మొదలుపెట్టగానే ఊళ్ళోవాళ్ళు వచ్చి చూడటం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళని నేను మూడు రకాలుగా విడదీశాను. ఇక్కడి ఇడ్లీ గురించి చెప్పేవాళ్ళు. పై గదుల్లో ఎవరెవరు సినిమావాళ్ళు దిగారో చెప్పేవాళ్ళు. ఇదంతా దండగ, పడగొడితే మంచి కాంప్లెక్సు వస్తుంది కదా అనేవాళ్ళు. టీచర్ గారు ఈ మూడింట్లో దేనిలోనూ ఇమడలేదు.

మొదటిసారి వచ్చినప్పుడు, లోపలికి రాకూడదని కట్టిన రిబ్బను గొడుగుతో పైకెత్తి, కింది నుంచి వంగి వచ్చేశారు. పొట్టి మనిషి. గంజి పెట్టిన నూలు చీర, చేతిలో బుట్ట.

"ఇక్కడ పెద్ద ఎవరయ్యా?"

మేస్త్రి నన్ను చూపించాడు. ఆవిడకి నమ్మకం కలగలేదు.

"నువ్వా? ఏం చదివావు బాబూ?"

"బీటెక్ అండి. తర్వాత పాత కట్టడాలు బాగుచెయ్యడం మీద ఇంకో కోర్సు చేశాను."

"పాతవాటి మీద కూడా కోర్సులున్నాయా! అయితే నన్ను కూడా ఒకసారి చూసి చెప్పు, ఎక్కడెక్కడ పూత వెయ్యాలో."

మేస్త్రి పక్కకు తిరిగి నవ్వాడు. ఆయన అప్పుడు సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలుపుతున్నాడు. ఆవిడ ఆ తొట్టిలోకి తొంగిచూసి, "బెల్లం, కరక్కాయానా? గోడకేమన్నా దగ్గొచ్చిందా?" అన్నారు.

ఆ రోజు నుంచి ఆవిడ మాకు తనిఖీ అధికారి. జగ్గయ్యపేటలో ఏదో ఒక పని కల్పించుకుని నందిగామ నుంచి వచ్చేవారు. కళ్ళజోడు మరలు బిగించాలి, పచ్చడికి కాయలు కావాలి, బ్యాంకులో ఎవరితోనో మాట్లాడాలి. ఆ పనులు నందిగామలో కూడా అవుతాయని ఒకసారి అన్నాను. "అవుతాయి. కానీ నందిగామలో నువ్వు లేవుగా, తిట్టడానికి" అన్నారు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకి డిక్టేషన్ చెప్పడం వల్ల కాబోలు, ఆవిడ జ్ఞాపకాలు చెప్పేవారు కాదు, రాయించేవారు. "ఇక్కడ పెద్ద అద్దం ఉండేది. రాసుకో. అద్దం కింద చేతులు కడిగే తొట్టి. రాసుకున్నావా? ఏం రాశావో చదువు." చదివితే అందులో ఒక దీర్ఘమైనా తప్పుందనేవారు.

అలాగని ఆవిడ చెప్పిందంతా నిజమనుకోకూడదు. ఫ్యామిలీ రూముల తలుపులు ఆకుపచ్చ రంగువి అని ఆవిడ రాయించారు. మేము ఒక తలుపు మీద రంగు పొర తర్వాత పొర గీకి చూశాం. పైన గోధుమరంగు, దాని కింద నీలం, ఆ కింద చెక్క. ఆకుపచ్చ జాడే లేదు. ఆవిడకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు.

"నువ్వు సరిగ్గా గీకలా."

"చెక్క దాకా గీకానండి."

"అయితే చెక్క మార్చుంటారు" అని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎప్పుడు ఆ తలుపు దాటినా దానివైపు అనుమానంగా చూసేవారు, పరీక్షలో పక్కవాడిది చూసి రాసిన పిల్లాణ్ణి చూసినట్టు.

అసలు గొడవ ఆ తలుపుల దగ్గరే వచ్చింది. ఫ్యామిలీ రూములంటే హాలుకి ఎడమపక్క చెక్క పలకలతో విడదీసిన మూడు చిన్న గదులు. ఒక్కోదాంట్లో ఒక బల్ల, రెండు బెంచీలు, నడుము నుంచి తల దాకా కప్పే సగం తలుపు. ఒకప్పుడు భార్యలతో వచ్చినవాళ్ళు హాల్లోవాళ్ళ కంట పడకుండా అందులో కూర్చుని తినేవారు. ఈ పలకలు భవనం కట్టినప్పుడు లేవు, చాలా ఏళ్ళ తర్వాత వచ్చాయి. మా పద్ధతిలో ప్రతి వస్తువునీ మూడు వరసల్లో ఒకదాంట్లో వేస్తాం. ఉంచేవి, బాగుచేసేవి, తీసేసేవి. వీటిని నేను మూడో వరసలో వేసి, తలుపుల మీద సుద్దతో ఇంటూ గుర్తు పెట్టాను.

ఆవిడ ఆ గుర్తులు చూశారు.

"ఇదేంటి బాబూ, తప్పుకి పెట్టే గుర్తు?"

"తీసేస్తున్నామండి. హాలంతా ఒకటే అవుతుంది. మొదట కట్టినప్పుడు ఎలా ఉందో అలా చెయ్యాలి కదా."

"మొదట ఎలా ఉండేదో నీకు తెలుసా?"

"ఆధారాలున్నాయండి. నేల మీద గుర్తులు, దూలాల..."

"మొదట్లో ఆడవాళ్ళని ఈ గడప ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. దాన్ని కూడా అట్లాగే చేస్తావా?"

నేను చదివిన కోర్సులో సున్నం గురించి ఉంది, చెదల గురించి ఉంది, తేమ గురించి చాలా ఉంది. గడప ఎవరెక్కారన్నది మాత్రం ఏ పాఠంలోనూ లేదు. ఆవిడ మధ్య గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, దుమ్ముపట్టిన బెంచీ మీద చేతిగుడ్డ పరుచుకుని కూర్చున్నారు. నన్ను ఎదురు బెంచీ మీద కూర్చోమన్నారు.

"మేం నలుగురం. అందరం టీచర్లమే. రోజూ నందిగామ నుంచి ఒకే బస్సులో వచ్చి తలా ఒక బడికి పోయేవాళ్ళం. శనివారం ఒంటిపూట బడి. మళ్ళీ బస్సు రావాలంటే బోలెడు టైము. ఈ హోటలు ముందే నిలబడేవాళ్ళం. లోపల్నుంచి పెసరట్టు వాసన వచ్చేది. ఇక్కడ వాసన పీల్చడం, ఇంటికెళ్ళి చల్లారిన అన్నం తినడం. ఎన్నాళ్ళయ్యా అట్లా?"

"హాల్లోకి వెళ్ళి తినచ్చు కదండి?"

ఆవిడ నన్ను జాలిగా చూశారు.

"తినచ్చు. మేం బస్సు దిగేలోపు ఆ కబురు నందిగామ చేరేది. ఆ ముగ్గురికీ ఇంట్లో అత్తలున్నారు. నాకు అప్పటికి పెళ్ళి కాలేదనుకో, నాకు హెడ్మాస్టరుండేవాడు. ముగ్గురత్తల పెట్టు ఆయన."

చివరికి ఒక శనివారం ధైర్యం చేసి నలుగురూ లోపలికొచ్చి ఫ్యామిలీ రూమ్ అడిగారట. కౌంటరు దగ్గరాయన వాళ్ళ వెనక ఎవరైనా ఉన్నారేమోనని మెడ సాచి చూసి, "మగవాళ్ళెవరూ లేరా అమ్మా? ఫ్యామిలీ అయితేనే ఇస్తామండి రూము" అన్నాడట.

"మాలో అందరికంటే పిరికిది లెక్కల టీచరు. అదే నోరు తెరిచింది. 'ఆయన వస్తున్నారండి. స్కూటరు స్టాండేసి వస్తున్నారు' అంది."

"ఎవరండి ఆయన?"

"ఎవరూ లేరయ్యా. దాని మొగుడికి సైకిలెక్కడం కూడా రాదు."

కౌంటరాయన రూమ్ ఇచ్చాడు. సర్వరు అయిదు గ్లాసుల నీళ్ళు తెచ్చాడు. ఆయన వస్తున్నారన్నాక ఆయనకేమీ చెప్పకపోతే అనుమానం వస్తుందని ఆయనకి కూడా ఒక పెసరట్టు, ఒక కాఫీ చెప్పారు. అవి నలుగురూ పంచుకున్నారు. లెక్కల టీచరుకి తీపి పడదు కాబట్టి ఆయనకి పంచదార తక్కువ వెయ్యమన్నారు.

అప్పటి నుంచి నెలకో శనివారం ఆయన వస్తూనే ఉన్నాడు. వంతుల వారీగా ఒక్కోసారి ఒక్కొక్కరి భర్త అయ్యేవాడు. తన వంతు వచ్చినప్పుడు పెళ్ళికాని టీచర్ గారు కూడా సిగ్గుపడుతూ "ఆయన వస్తున్నారు" అనేవారు. రానురాను ఆయనకి ఉద్యోగం కూడా వచ్చింది. వ్యవసాయ శాఖలో ఆఫీసరు. పొలాల మీద తిరుగుతుంటాడు కాబట్టి ఎప్పుడూ ఆలస్యం.

"సర్వరుకి తెలియదంటారా?"

"తెలియకేం! 'అయ్యగారు ఇవాళ కూడా పొలంలోనే ఉండిపోయారా అమ్మా' అనేవాడు. పెద్దాయన. మొహంలో నవ్వు కనపడనిచ్చేవాడు కాదు. నేనైతే ప్రతి ఆదివారం ప్రార్థనలో ఆ అబద్ధానికి క్షమాపణ అడిగేదాన్ని. శనివారం తిన్నది ఆదివారానికి మాఫీ. ప్రభువు నాకు బాగా దగ్గర్లో రోజిచ్చాడు."

ఆ గదిలో నలుగురూ ఏం మాట్లాడుకునేవారని అడిగాను. "నీకెందుకు?" అన్నారు. మళ్ళీ తనే, "ఏముంది, నవ్వేవాళ్ళం. ఇళ్ళల్లో అంత గట్టిగా నవ్వడానికి కుదిరేది కాదు" అన్నారు. ఆ ముగ్గురూ ఇప్పుడు లేరని కూడా అప్పుడే చెప్పారు.

తర్వాత ఆవిడకి పెళ్ళయింది. ఒక రోజు నిజం భర్తనే వెంటబెట్టుకుని ఈ హోటలుకొచ్చారు. ఇదే మధ్య గదిలో కూర్చున్నారు.

"సర్వరు తలుపు తీశాడు. మా ఆయన్ని చూశాడు. ఇంక చూసుకో! 'వచ్చేశారా అయ్యగారూ! ఇన్నాళ్ళకి దర్శనమిచ్చారండి! మీ కాఫీ నాకు తెలుసు, పంచదార తక్కువేగా' అని నేను నోరు తెరిచేలోపు పరిగెత్తాడు. మా ఆయనకి గ్లాసులో చెంచా నిలబడేంత పంచదార పడాలి. ఆ చేదు కాఫీ కిక్కురుమనకుండా తాగాడు. నందిగామలో దిగాక అడిగాడు, 'ఎవరే ఆయన?' అని."

"ఏం చెప్పారు?"

"ఉన్నదున్నట్టు చెప్పా. నమ్మలేదు. సాయంత్రం ఆ ముగ్గుర్నీ ఇంటికి పిలిపించి సాక్ష్యం చెప్పించా. నమ్మాడు, కానీ మనసులో ఎక్కడో ఉండిపోయింది ఆయనకి. ఆ తర్వాత నేను ఎప్పుడు ఇంటికి ఆలస్యంగా వచ్చినా, 'ఏం, స్కూటరు స్టాండ్ పడలేదా' అనేవాడు."

చెప్పడం అయ్యాక ఆవిడ చేతిగుడ్డ దులిపి బుట్టలో పెట్టుకున్నారు. బయటికొచ్చి, కొంగు చివరతో మధ్య గది తలుపు మీది సుద్ద గుర్తు తుడిచేశారు. మిగతా రెండూ తుడవలేదు. "అవి నీ ఇష్టం" అన్నారు.

నా ఇష్టమైతే ఏ కష్టమూ ఉండేది కాదు. నేల పని మొదలవడానికి ముందే పలకలు ఉంచాలో తీసేయాలో తేలాలి. తేల్చాల్సింది యజమాని, అంటే కట్టించినాయన మనవడు. అప్పటిదాకా బస్సులో నాకు విముక్తి లేదు. ఆవిడ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, బస్సంతా వినేలా "ఏమయ్యింది బాబూ మన రూము సంగతి?" అని అడిగేవారు. ఆ మాటకి తోటి ప్రయాణికులు ఏమనుకున్నారో నాకు తెలియదు. ఒకాయన మాత్రం, "అద్దెకా అండి?" అని మర్యాదగా అడిగాడు.

యజమాని వచ్చిన రోజు ఆవిడ ఆయనకంటే ముందే వచ్చి, సున్నం బస్తా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన మంచి మనిషి. ఇక్కడ పొలాలు, హైదరాబాదులో వ్యాపారం. ఆవిడ చెప్పిందంతా నిలబడే విన్నాడు.

"మేడమ్, మీరు చెప్పింది బాగుంది. కానీ ఈ రోజుల్లో తలుపులున్న గదులు పెడితే ఎవరొచ్చి కూర్చుంటారో తెలుసు కదండి. రేపు ఎస్సై గారొచ్చి నన్నడుగుతారు."

"ప్రేమించుకునేవాళ్ళు వస్తారంటావా? రానీయవయ్యా. పెసరట్టు తిని ప్రేమించుకుంటారు. ఖాళీ కడుపుతో ప్రేమించుకోవడం కంటే నయమేగా."

ఆయన నవ్వాడు. తర్వాత నవ్వకుండా ఇంకో మాట అన్నాడు. "అది కాదండి. అప్పుడు ఆడవాళ్ళు చాటుగా తినాల్సొచ్చింది. ఇప్పుడు ఆ అవసరం లేదు కదా. మా అమ్మాయే ఎక్కడైనా కూర్చుని తింటుంది. ఇంకా ఆ తలుపులు ఉంచితే వాళ్ళని అవమానించినట్టు కాదా?"

ఆవిడ మాట వెతుక్కోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. గొడుగు పిడి చేతిలో తిప్పుతూ కూర్చుండిపోయారు. ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది, ఆ సంగతి ఆవిడకి తెలుస్తోంది. ఇంక ఓడిపోయారనే అనుకున్నాను.

"నిజమే బాబూ" అన్నారు చివరికి. "అవసరం లేదు. కానీ చంటిదానికి పాలివ్వాలనుకో. ఏడుపొచ్చిందనుకో. నలుగురూ ఎటు చూస్తున్నారో పట్టించుకోకుండా గట్టిగా నవ్వాలనిపించిందనుకో. తలుపు నువ్వు మూస్తే అవమానం. మేం వేసుకుంటే ఎందుకవుతుంది? మూడూ వద్దులే. ఒకటి ఉంచు."

ఆయన నావైపు తిరిగాడు. "మీరేమంటారు? టెక్నికల్‌గా."

"మధ్య గది పలకలు నేల గచ్చులో లోతుగా దిగి ఉన్నాయండి. లాగితే గచ్చు పగులుతుంది" అన్నాను.

"మరి మిగతా రెండు గదులవి?"

"అవి లాగితే ఏమీ కాదండి."

మూడు గదుల పలకలూ ఒకే వడ్రంగి ఒకేలా దింపినవి. ఆ సంగతి ఆయనకి కంటి ముందే కనిపిస్తోంది. నన్ను చూశాడు, ఆవిడని చూశాడు. ఆవిడ ఆ క్షణంలోనే కప్పు దూలాలను చాలా శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టారు.

"సరే. టెక్నికల్ కారణం కదా" అన్నాడు ఆయన.

ఆయన కారెక్కాక ఆవిడ నా దగ్గరికొచ్చి, "పర్లేదే. కోర్సులో ఇది కూడా చెప్పారా?" అన్నారు.

హోటలు తెరిచిన వారంలో ఆవిడ వచ్చారు. ప్రారంభం రోజు పిలిచినా రాలేదు. రిబ్బన్లు కత్తిరించేచోట తినడానికి ముందు ఉపన్యాసాలుంటాయని, తను జీవితంలో చాలినన్ని విన్నానని చెప్పారు. ఆ రోజు బస్సులో నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కిటికీలోంచి చూస్తూ తనలో తనే పెదాలు కదిపారు. కొత్త చీర కట్టుకున్నారు. కప్పు మీద నీళ్ళు ఎక్కడైనా దిగుతున్నాయేమో చూడాల్సిన పని నాకూ ఉంది కాబట్టి కలిసే లోపలికి వెళ్ళాం. నేను మెట్ల దగ్గర ఆగాను. ఆవిడ గుమ్మంలో నిలబడ్డారు.

సర్వరు ఎదురొచ్చాడు. కొత్త యూనిఫారం వేసుకున్న కుర్రాడు. "ఎంతమంది మేడమ్?"

"ఒక్కదాన్నే" అన్నారు టీచర్ గారు. హాలంతా వినిపించింది. గడ్డం పైకెత్తి, గొడుగు రెండు చేతులతో పట్టుకుని, తర్వాతి ప్రశ్న కోసం నిలబడ్డారు.

"ఎక్కడైనా కూర్చోండి మేడమ్. ఫ్యాను కిందైతే బాగుంటుంది" అని అతను ఇంకో బల్ల తుడవడానికి వెళ్ళిపోయాడు.

ఆవిడ అక్కడే ఉండిపోయారు. నావైపు తిరిగారు.

"అదేంటయ్యా, ఇంకేమీ అడగడా?"

"ఇంకేం అడగాలండి?"

"ఏదో ఒకటి! పొద్దున్నుంచి అన్నిటికీ సమాధానాలు తయారుచేసుకున్నా."

మధ్య గది ఖాళీగానే ఉంది. నీలం రంగు తలుపు తెరిచే ఉంది. ఆవిడ దాని ముందు దాకా నడిచి, చేత్తో ఒకసారి తోసి చూశారు. అది వెళ్ళి, తిరిగొచ్చి ఆగింది. "రంగు తప్పు వేశావు" అన్నారు. లోపలికి వెళ్తారనుకుని, "ఖాళీయేనండి, కూర్చోండి" అన్నాను.

"చూశాలే. ఉండనీ."

వెనక్కి వచ్చి హాలు నడిమధ్యలో, వీధికి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నారు. బుట్టకి ఒక కుర్చీ, గొడుగుకి ఒక కుర్చీ ఇచ్చారు. పెసరట్టు చెప్పారు, అల్లం ఎక్కువ వెయ్యమన్నారు. అది వచ్చాక ఏ తొందరా లేకుండా, తుంచిన ప్రతి ముక్కనీ చట్నీలో ముంచి, తలెత్తి, వీధిలోకి చూస్తూ తిన్నారు. ఆటోలు పోతున్నాయి, బస్సు దిగినవాళ్ళు పోతున్నారు, బండి మీద వెళ్తున్నవాళ్ళు సిగ్నలు ఇస్తూ మలుపు తిరుగుతున్నారు. వాళ్ళలో ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. ఆ రోజు ఆ హోటల్లో ఆవిడకి నచ్చనిదంటూ ఉంటే, తలుపు రంగు తర్వాత అదే అయ్యుంటుంది.